వార్డులో సమస్య వచ్చినప్పుడు: నర్సింగ్ విద్యార్థులు, హౌస్ సర్జన్లు, కొత్త సిబ్బంది తరచుగా అడిగే ప్రశ్నలు

"కంగారు పడకు" అని చెప్పడం తేలికే. ఇన్సులిన్ ఎక్కువ పడిందని తెలిసిన క్షణంలో గొంతు ఎండిపోతుంది, ముందు రోజు చదివింది కూడా గుర్తుకు రాదు. అలాంటప్పుడు కూడా తడబడకుండా పనిచేసేవాళ్లకు గుండె ధైర్యం ఎక్కువని అనుకుంటాం. చాలాసార్లు అసలు సంగతి వేరు. మొదటి పని ఏమిటో వాళ్ల చేతులకు ముందే తెలుసు, అంతే. కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఆ మొదటి పని గురించే. వరస కూడా దాదాపు ఒకటే: ముందు రోగి, తర్వాత పైవాళ్లకు కబురు, ఆ తర్వాత కాగితం.

రోగి బంధువులు మీద మీదకొచ్చి అరుస్తున్నారు. ముందు ఏం చేయాలి?

మాట కంటే ముందు మీరు నిలబడే తీరు చూసుకోండి. రెండు చేతుల దూరం ఉండేలా ఒక అడుగు వెనక్కి వేయండి. ఎదురుబొదురుగా కాకుండా కాస్త పక్కకు తిరిగి నిలబడండి. చేతులు కనబడేలా ఉంచండి. చేతులు కట్టుకున్నా, ఆప్రాన్ జేబుల్లో పెట్టుకున్నా అవతలివాళ్లకు నిర్లక్ష్యంగానే తోస్తుంది. తలుపు మీకు దగ్గరగా ఉండాలి. కత్తెరలు, ఫోర్సెప్స్ ఉన్న డ్రెస్సింగ్ ట్రాలీ ఇద్దరి మధ్యా ఉంటే పక్కకు నెట్టేయండి.

తర్వాత ఒకటి రెండు నిమిషాలు వాళ్లనే మాట్లాడనివ్వండి. మధ్యలో అడ్డు తగిలితే మళ్లీ మొదటి నుంచి అందుకుంటారు. ఊపిరి తీసుకునే చోట మీరు అందుకోవాలి, అది కూడా వాళ్ల కంటే తక్కువ గొంతుతో: "అయ్యా, మీరు పేషెంట్‌కి ఏమవుతారు?" ఈ ఒక్క ప్రశ్న చాలా పని చేస్తుంది. జవాబు చెప్పడానికి మనిషి ఒక క్షణం ఆగాలి. పైగా "మా నాన్న" అన్న మాట నోట రాగానే ఆ కోపం కింద ఉన్న భయం బయటపడుతుంది.

ఊరి నుంచి ఆటో నిండా వచ్చిన పదిహేను మందికీ ఒకేసారి చెప్పడం ఎవరి తరమూ కాదు. గుంపులో అందరూ ఎవరి వైపు చూసి మాట్లాడుతున్నారో గమనించండి. సాధారణంగా ఒక పెద్దాయనో, చదువుకున్న అల్లుడో ఉంటారు. "పెద్దాయనా, మీరూ, పేషెంట్ భార్యా నాతో రండి, కూర్చుని చెప్తాను" అని ఇద్దరిని పక్కకు తీసుకెళ్లండి. కూర్చున్న మనిషి గొంతు తగ్గుతుంది.

అరుపుకు కారణం చాలాసార్లు వైద్యం కాదు. ఓపీ చీటీ కోసం ఒక లైను, స్కానింగ్ దగ్గర ఇంకో లైను, "ఆధార్ జిరాక్స్ తెచ్చుకోండి" అంటే మూడో చోటికి పరుగు. పొద్దున్నుంచి ఏమవుతోందో ఒక్కరూ చెప్పలేదు. అందుకే సమాచారం ఇవ్వండి, దానికి సమయం కూడా జత చేయండి: "సీటీ స్కాన్‌కి ముందు ఇద్దరున్నారు, ఇంకో ముప్పావు గంట పట్టొచ్చు. అరగంటకు నేనే వచ్చి చెప్తాను." అన్నాక రావాలి. కొత్త విషయం ఏమీ లేకపోయినా వచ్చి "ఇంకా పిలవలేదు" అనే చెప్పాలి. ఇచ్చిన మాటకు రాకపోతే రెండోసారి మీ మాట వినరు.

నోట రాకూడనివి కొన్ని: "అరవకండి", "మాకు వేరే పేషెంట్లు లేరా", "నాకు తెలీదు, డాక్టర్‌నే అడగండి", "ప్రైవేటుకు వెళ్లండి మరి". నిజంగా తెలియకపోతే "నేను స్టూడెంట్‌ని, తప్పు చెప్పకూడదు, డ్యూటీ డాక్టర్‌ని పిలుస్తాను" అనండి. అది గౌరవమైన జవాబే. జబ్బు ఎలా ఉంది, బతుకుతారా లేదా అన్న ప్రశ్నలకు విద్యార్థి జవాబు చెప్పకూడదు.

చేయి చేసుకునేదాకా వస్తే?

అక్కడి నుంచి తప్పుకోండి. వస్తువులు పగిలితే పగలనివ్వండి. సెక్యూరిటీకి, ఆసుపత్రి పోలీస్ అవుట్‌పోస్ట్‌కు, డ్యూటీ ఆర్‌ఎంఓకు (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) ఫోన్ వెళ్లాలి. ఈ మూడు నంబర్లు వార్డు గోడ మీద లేకపోతే ఈ రోజే రాసి అంటించండి. మద్యం తాగి వచ్చినవాళ్లు, పిడికిళ్లు బిగించి అటూ ఇటూ తిరిగేవాళ్లు, ఫోన్‌లో "అందరూ రండిరా" అని పిలిచేవాళ్లు కనిపిస్తే మొదటి దెబ్బ దాకా ఆగకుండా అప్పుడే పిలవండి.

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వైద్య సిబ్బంది, ఆసుపత్రుల మీద దాడులను నిరోధించే చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇది బెయిలు దొరకని నేరం. 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా, ఆస్తి నష్టానికి రెట్టింపు పరిహారం ఉంటాయి. విద్యార్థులకూ, నర్సులకూ, పారామెడికల్ వాళ్లకూ రక్షణ ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో అయితే దాడి జరిగిన 6 గంటల్లోగా సంస్థ అధిపతే ఫిర్యాదు ఇవ్వాలని 2024 ఆగస్టులో ఆదేశం వచ్చింది. మిగతా చోట్ల కూడా ఫిర్యాదు సంస్థ పేరు మీద వెళ్లేలా సూపరింటెండెంట్‌ను అడగండి. ఒంటరిగా మీ ఇంటి చిరునామా రాసి ఇచ్చే ఫిర్యాదు కంటే అదే మేలు. గాయం చిన్నదైనా క్యాజువాలిటీలో చూపించుకుని రాయించుకోండి. మర్నాడు గీత కూడా కనిపించకపోవచ్చు.

తప్పు మందు, లేదా ఎక్కువ మోతాదు ఇచ్చేశాను. ఇప్పుడేం చేయాలి?

ఎక్కువగా జరిగే ఇన్సులిన్ తప్పునే తీసుకుందాం. మన దగ్గర వయల్స్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, కొన్ని 100 యూనిట్లవి. సిరంజిలూ రెండు రకాలు: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 యూనిట్ల వయల్ నుంచి ఎర్ర మూత సిరంజిలో 8 గీతలు లాగితే రోగికి పడేది 20 యూనిట్లు, అంటే రెండున్నర రెట్లు. అటుది ఇటైతే 8కి బదులు 3 యూనిట్లు పడి, షుగర్ ఎందుకు దిగట్లేదో ఎవరికీ అంతుపట్టదు.

ఎక్కువ పడిందని తెలిసిన వెంటనే:

1. రోగి దగ్గరకు వెళ్లండి. స్పృహ, చెమట, వణుకు, నాడి, బీపీ చూసి గ్లూకోమీటర్‌తో షుగర్ చూడండి.
2. డ్యూటీ డాక్టర్‌కు వెంటనే చెప్పండి: ఏ మందు, ఎంత ఇవ్వాలి, ఎంత ఇచ్చాను, ఎన్ని గంటలకు, ఇప్పుడు రోగి ఎలా ఉన్నారు.
3. షుగర్ 70 కంటే తక్కువుండి, మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే సుమారు మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. డాక్టర్ ఆదేశంతో 25 శాతం డెక్స్‌ట్రోజ్ సిరలోకి వెళ్లాలి, 100 మిల్లీలీటర్లలో 25 గ్రాములుంటాయి.
4. ఖాళీ వయల్, సిరంజి పారేయకండి. ఏం జరిగిందో చెప్పే సాక్ష్యాలు అవే.

ఒకసారి షుగర్ 140 వచ్చిందని ఊపిరి పీల్చుకోవడంలోనే పెద్ద పొరపాటు జరుగుతుంది. చర్మం కింద ఇచ్చిన రెగ్యులర్ ఇన్సులిన్ పని 6 నుంచి 8 గంటల దాకా సాగుతుంది, మిక్స్‌డ్ ఇన్సులిన్ ఇంకా ఎక్కువ సేపు. గంటకోసారి చూడాల్సి రావచ్చు. డ్యూటీ మారేటప్పుడు ఈ విషయం తర్వాతి సిస్టర్‌కు నోటితోనే కాదు, రాసి కూడా ఇవ్వాలి.

కేస్ షీట్‌లో జరిగింది జరిగినట్టు రాయండి: "10.20కి 8 యూనిట్ల బదులు 20 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్ ఇవ్వడం జరిగింది. 10.25కి షుగర్ 142, స్పృహలో ఉన్నారు. 10.27కి డ్యూటీ డాక్టర్‌కు తెలియజేశాను." ఎందుకు జరిగింది, ఎవరిది తప్పు, వార్డులో ఎంత రద్దీ ఉంది అన్నవి కేస్ షీట్‌లో రాయకూడదు. వాటికి ఇన్సిడెంట్ రిపోర్ట్ వేరే ఉంటుంది, అది నర్సింగ్ సూపరింటెండెంట్ ద్వారా వెళ్తుంది. అక్కడ మాత్రం రెండు రకాల సిరంజిలూ ఒకే డబ్బాలో ఉన్నాయని తప్పక రాయండి. లేకపోతే వచ్చే వారం ఇంకొకరి చేతిలో అదే జరుగుతుంది. రోగికి, కుటుంబానికి సంగతి చెప్పాల్సింది సీనియర్ డాక్టర్. మీరు పక్కన ఉండండి.

హాని ఏమీ జరగలేదు, ఎవరూ చూడలేదు. అయినా చెప్పాలా?

చెప్పాలి. యాంటీబయాటిక్ డోసు ఒకటి తప్పిపోయి, టిక్ మాత్రం పడిందనుకోండి. జ్వరం తగ్గకపోతే డాక్టర్ మందు పనిచేయట్లేదనుకుని ఇంకా పెద్ద మందుకు మారుస్తారు. మీరు చెప్పని చిన్న విషయం మీద ఇంకొకరు పెద్ద నిర్ణయం తీసుకుంటారు.

కేస్ షీట్‌లో తప్పు రాశాను. వైట్‌నర్ పెట్టొచ్చా?

వద్దు. అక్షరాలు కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, సమయం వేయండి. దిద్దుబాటు దాచినట్టు కనిపిస్తే కోర్టులో మిగతా షీటు మీద కూడా నమ్మకం పోతుంది. ఆలస్యంగా గుర్తొచ్చినదాన్ని ఖాళీ ఉన్న చోట ఇరికించకండి. "ఆలస్యంగా నమోదు" అని ఇప్పటి సమయం వేసి రాయండి.

రాత్రి రెండింటికి సీనియర్‌కు ఫోన్ చేయాలంటే భయం. ఎలా మాట్లాడాలి?

డయల్ చేసే ముందు కేస్ షీట్, తాజా వైటల్స్ (శ్వాస, నాడి, బీపీ, రక్తంలో ఆక్సిజన్ శాతమైన సాచురేషన్) చేతిలో పెట్టుకోండి. సీనియర్లు విసుక్కునేది ఎక్కువగా ఫోన్ చేసినందుకు కాదు. "సార్, పేషెంట్ బాలేదు సార్" అని ఆగిపోయినందుకు. నాలుగు ముక్కలుగా చెప్పే పద్ధతిని ఎస్‌బార్ అంటారు: ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథేమిటి, నాకేమనిపిస్తోంది, మీ నుంచి ఏం కావాలి. ఇలా:

"సార్, మేల్ మెడికల్ వార్డు డ్యూటీ సిస్టర్‌ని. పన్నెండో బెడ్ పేషెంట్‌కి ఇరవై నిమిషాలుగా ఆయాసం పెరిగింది. శ్వాస నిమిషానికి 32, సాచురేషన్ 86, పల్స్ 124, బీపీ 100/60. నిన్న న్యుమోనియాతో అడ్మిట్ అయ్యారు, షుగర్ ఉంది. సాయంత్రం శ్వాస 22 ఉండేది. మాస్క్‌తో 6 లీటర్ల ఆక్సిజన్ పెట్టాక సాచురేషన్ 91కి వచ్చింది. కండిషన్ దిగజారుతోందనిపిస్తోంది. మీరు వచ్చి చూడాలి సార్. ఈలోగా ఏం చేయమంటారు?"

నిమిషం కూడా పట్టదు. చివరి రెండు వాక్యాలు చెప్పడానికే కొత్తవాళ్లు మొహమాటపడతారు. ఫోన్ చేసిందే వాటి కోసం. ఫోన్ ఎత్తకపోతే ఎన్ని గంటలకు ఎన్నిసార్లు చేశారో రాసి, వెంటనే ఆ పైవారికి చేయండి. "సార్ నిద్రలో ఉన్నారేమో" అనే ఆలోచన రోగికి పనికిరాదు.

శ్వాసను మాత్రం నిజంగా లెక్కపెట్టండి, పూర్తి నిమిషం. షీట్ల నిండా అందరికీ 18, 20 అని ఉంటుంది, చూడకుండా వేసే అంకె అదొక్కటే. పరిస్థితి దిగజారుతుంటే చాలాసార్లు ముందుగా మారేది కూడా అదే. నిమిషానికి 25, ఆపైన ఉంటే మిగతావన్నీ బాగున్నా డాక్టర్‌కు చెప్పాలి.

ఫోన్‌లో చెప్పిన ఆర్డర్ తప్పనిపిస్తోంది. ఎదురు చెప్పొచ్చా?

ముందు విన్నది తిరిగి చదివి వినిపించండి. మందు పేరు, మోతాదు, ఏ దారిన, ఎంత సేపట్లో. ఇంగ్లిష్ అంకెల్లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి, "వన్ ఫైవ్" అని విడదీసి అడగండి. సగం తప్పులు అక్కడే దొరికిపోతాయి. షీట్‌లో "ఫోన్ ద్వారా" అని, డాక్టర్ పేరు, సమయం రాసి, 24 గంటల్లో సంతకం చేయించుకోండి.

అప్పటికీ తప్పనిపిస్తే మెట్లు మెట్లుగా వెళ్లాలి. ఉదాహరణకు పొటాషియం క్లోరైడ్. మామూలు 10 మిల్లీలీటర్ల ఆంపూల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లుంటాయి. పలచన చేయకుండా సిరలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. చేతి సిర ద్వారా సాధారణంగా గంటకు 10 దాటించరు. సెలైన్‌లో కలిపాక బాటిల్‌ను పలుమార్లు తిరగేయాలి, లేదంటే మందు అడుగున చేరి మొదట్లోనే చిక్కగా వెళ్తుంది. "ఒక ఆంపూల్ ఇచ్చేయండి" అని వినిపిస్తే మొదట ప్రశ్నగా: "సెలైన్‌లో కలిపి స్లోగానే కదా సార్?" కాదంటే: "సార్, డైరెక్ట్‌గా అంటే నాకు భయంగా ఉంది." అప్పటికీ అదే మాటైతే: "ఇది పేషెంట్‌కి ప్రమాదం సార్, నేను ఇవ్వలేను, సీనియర్ మేడమ్‌తో కూడా ఒకసారి మాట్లాడదాం." గొంతు పెంచక్కర్లేదు. ఆంపూల్ మాత్రం పగలగొట్టకండి. డిస్టిల్డ్ వాటర్ ఆంపూల్ పక్కన దాన్ని ఉంచకండి కూడా, రెండూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి.

వాడిన సూది గుచ్చుకుంది. ఏం చేయాలి?

పని ఇంకొకరికి అప్పగించి సింక్ దగ్గరకు వెళ్లండి. సబ్బుతో, పారే నీటి కింద కడగండి. రక్తం పిండకండి, వేలు నోట్లో పెట్టుకోకండి (అలవాటుగా అందరూ చేసే పని అదే), స్పిరిట్, బ్లీచ్, అయోడిన్ పోయకండి. మంట పెట్టే మందులు చర్మాన్ని ఇంకా దెబ్బతీయడం తప్ప మేలు చేయవు. కంట్లో రక్తం పడితే తల వెనక్కి వాల్చి నీళ్లతోనో సెలైన్‌తోనో కడగాలి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే కడిగేటప్పుడు అలాగే ఉంచి, తర్వాత తీసి శుభ్రం చేయాలి.

ఆ వెంటనే ఇన్‌చార్జికి చెప్పి క్యాజువాలిటీకో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కో వెళ్లండి. హెచ్‌ఐవీ నివారణ మందు అవసరమని డాక్టర్ తేలిస్తే మొదటి మాత్ర 2 గంటల్లోపు పడటం మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. రోగి రిపోర్టు వచ్చేదాకా మొదటి డోసు ఆపకూడదు. నెగెటివ్ వస్తే తర్వాత మానేయొచ్చు. ఇప్పుడు వాడుతున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర, రోజుకొకటి, 28 రోజులు. మీ రక్తం కూడా ఆ రోజే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలకు ఇవ్వాలి. అప్పటికి మీకు ఆ జబ్బులు లేవని చూపే ఆధారం అదే. తర్వాతి పరీక్షల తేదీలు కార్డు మీద రాయించుకోండి.

భయాన్ని అంకెలతో కొలిస్తే: హెచ్‌ఐవీ ఉన్న రోగి సూది గుచ్చుకుంటే, మందు వేసుకోకపోయినా అది సోకే అవకాశం వెయ్యిలో 3. హెపటైటిస్ బి టీకా లేనివాళ్లకు ఆ జబ్బు సోకే అవకాశం నూటికి 30 దాకా ఉండొచ్చు. అంటే అందరూ వణికేది ఒకదానికి, నిజంగా పొంచి ఉన్నది ఇంకొకటి. టీకా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. మూడోది అయిన ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకుంటే 10 లేదా ఆపైన రావాలి. మొదటి సంవత్సరంలో రెండు డోసులు వేసుకుని మూడోది మర్చిపోయిన విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

సూదికి తిరిగి మూత పెట్టబోయి గుచ్చుకోవడమే చాలా గాయాలకు కారణం. మూత పెట్టకుండా తెల్లటి, గుచ్చుకుపోని డబ్బాలో వేయండి. డబ్బా ముప్పావు వంతు నిండగానే మార్చాలి.

క్యాన్యులా (సిరలో పెట్టే సన్నని గొట్టం) రెండుసార్లు ఫెయిల్ అయింది, అటెండర్ (రోగి వెంట ఉన్న మనిషి) గుర్రుగా చూస్తున్నాడు.

రెండుసార్లయ్యాక ఆపండి, మూడోది ఇంకొకరి చేతితో జరగాలి. "నరం దొరకట్లేదమ్మా, మా సీనియర్ సిస్టర్‌ని పిలుస్తాను" అని చెప్పి, గుచ్చిన చోట దూదితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోండి. నీరసించిన రోగికి చేయి మంచం కిందకు వేలాడదీసి, వెచ్చటి తడిగుడ్డ చుట్టి అయిదు నిమిషాలు ఆగితే దొరకని నరం కూడా చాలాసార్లు తేలుతుంది.

రక్తం ఎక్కుతుండగా రోగికి చలి, వణుకు మొదలయ్యాయి.

క్లాంప్ మూసి రక్తం ఆపేయండి, డాక్టర్ వచ్చేదాకా ఎదురుచూడొద్దు. క్యాన్యులా మాత్రం తీయకండి. రక్తం సెట్ విప్పి, కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ పెట్టండి. పాత సెట్‌తోనే సెలైన్ పెడితే గొట్టంలో మిగిలిన రక్తమంతా లోపలికే పోతుంది. ఆ తర్వాత వైటల్స్, డాక్టర్‌కు ఫోన్, బ్యాగ్ మీది పేరు, ఐపీ నంబర్, గ్రూపు రోగితో మళ్లీ సరిచూడటం. బ్యాగ్‌ను సెట్‌తో సహా, రోగి కొత్త రక్త నమూనాతో, మూత్రంతో బ్లడ్ బ్యాంకుకు పంపాలి. ప్రమాదకరమైన రియాక్షన్లు తరచుగా తొలి నిమిషాల్లోనే బయటపడతాయి. అందుకే మొదటి 15 నిమిషాలు నిదానంగా ఎక్కిస్తూ మంచం పక్కనే ఉండమంటారు.

సీనియర్ అందరి ముందూ తిట్టారు. ఎలా తీసుకోవాలి?

రోగి ముందు వాదన పెట్టుకోకండి. "సరే సార్, సరిచేస్తాను" అని పని పూర్తి చేయండి. డ్యూటీ అయ్యాక విడిగా అడగండి: "పొద్దున్న డ్రెస్సింగ్ విషయంలో నేను ఎక్కడ తప్పానో చెప్తారా?" తిట్టులో నేర్చుకోవాల్సింది ఒక ముక్క ఉంటే అది తీసుకోండి, మిగతాది ఆ మనిషి అలసట అనుకోవచ్చు. అలా అని అన్నీ అలసట కావు. కులం, ఊరు, యాస, శరీరం మీద మాటలు పదే పదే వస్తుంటే తేదీ, సమయం, అన్న మాటలు, విన్నవాళ్లు ఎవరో ఒక పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టండి. విద్యార్థులకు ర్యాగింగ్ వ్యతిరేక జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది. లైంగిక వేధింపు అయితే 2013 చట్టం ప్రకారం సంస్థలోని అంతర్గత కమిటీకి 3 నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆలస్యానికి సరైన కారణం ఉంటే ఇంకో 3 నెలలు పొడిగించే వీలుంది. రోగి లేదా రోగి బంధువు వేధించినా ఈ కమిటీకే చెప్పొచ్చని చాలామందికి తెలియదు.

నేర్పించని పని చేసేయమన్నారు.

"నేను ఇది చూశాను గానీ చేయలేదు. మీరు పక్కన ఉంటే చేస్తాను." ఈ వాక్యం చాలు.

రోగి చనిపోయారు. బయట కుటుంబం "ఎలా ఉంది సిస్టర్?" అని అడుగుతోంది.

ఆ కబురు డాక్టరే చెప్పాలి. అలాగని "బాగానే ఉన్నారు" అని అబద్ధం ఆడకూడదు. "డాక్టర్ గారు మీతో మాట్లాడటానికి వస్తున్నారు, ఇక్కడ కూర్చోండి" అని కుర్చీ చూపించి, నీళ్లు దగ్గర పెట్టండి.

డాక్టర్ చెప్పే మాట సూటిగా ఉండాలి. "సీరియస్‌గా ఉంది", "చేయాల్సిందంతా చేశాం", "ఇక దేవుడి దయ" అంటే ఇంకా ప్రాణం ఉందనే కుటుంబం వింటుంది. తర్వాత అసలు సంగతి తెలిసినప్పుడు "చచ్చిపోయినా దాచారు" అన్న కోపం అక్కడే పుడుతుంది. "చాలా బాధాకరమైన విషయం చెప్పాలి. మీ నాన్నగారు పది నిమిషాల క్రితం చనిపోయారు" అన్నాక ఆగిపోవాలి. ఆ నిశ్శబ్దాన్ని వైద్య వివరాలతో నింపొద్దు. అప్పుడు చెప్పింది ఒక్కటీ వాళ్లకు చేరదు.

మీరు ఈలోగా గొట్టాలు తీసి, ముఖం తుడిచి, దుప్పటి సర్ది ఉంచితే కుటుంబానికి ఆఖరి చూపు కొంచెం తేలికవుతుంది. కానీ ప్రమాదం, విషం, కాలిన గాయాలు, అనుమానాస్పద మరణం వంటి మెడికో లీగల్ కేసైతే డాక్టర్ చెప్పకుండా ఏదీ తీయకూడదు. అలాంటప్పుడు పోస్టుమార్టం తప్పదనీ, శరీరం వెంటనే ఇవ్వలేమనీ ముందే నెమ్మదిగా చెప్పాలి. తీసుకెళ్లే వాహనం ఖర్చు పెద్ద దిగులు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత మహాప్రస్థానం వాహనం ఎవరిని అడగాలో మీకు తెలిసి ఉంటే సగం భారం దించినట్టే.

"ఇంటికి తీసుకెళ్లిపోతాం" అని పట్టుబడుతున్నారు.

కాగితం మీద సంతకం అడిగే ముందు ఎందుకో అడగండి. తరచుగా డబ్బు, లేకపోతే ఇంట్లో చిన్నపిల్లలు, కోతల పని, ఆపరేషన్ అంటే భయం. డబ్బు సమస్యైతే ప్రభుత్వ ఉచిత వైద్య పథకం గురించి సాయం చేసే ఆరోగ్యమిత్ర దగ్గరకు పంపండి. అయినా వెళ్తామంటే డాక్టర్ ప్రమాదం వివరించి, సంతకం తీసుకుంటారు. మందుల చీటీ, రిపోర్టుల నకళ్లు ఇవ్వండి, ఏ లక్షణం కనిపిస్తే తిరిగి రావాలో చెప్పండి. 108 గుర్తు చేయండి. క్యాన్యులా తీశారో లేదో చూడండి, గొడవలో మర్చిపోయేది అదే.

అటెండర్ నన్ను వీడియో తీస్తున్నాడు.

ఫోన్ లాక్కోకండి, ఆ లాక్కోవడమే వీడియోలో మిగులుతుంది. "అన్నా, పక్క బెడ్ల వాళ్లు కూడా పడుతున్నారు, వాళ్లకు ఇబ్బంది, ఆపండి" అని ఒకసారి చెప్పి సెక్యూరిటీని పిలిపించండి. కెమెరా ఉన్నా లేకపోయినా పని ఒకేలా సాగాలి. ఇదే నియమం మనకూ వర్తిస్తుంది. వార్డులో రీల్స్, ఎక్స్‌రే ఫొటో స్టేటస్, "ఈ రోజు వింత కేసు" అని గ్రూపులో పెట్టడం, అన్నీ రోగి గోప్యతకు భంగమే. హెచ్‌ఐవీ స్థితిని బయటపెట్టడాన్ని 2017 చట్టం నిషేధిస్తుంది కూడా. మంచం తల దగ్గర ఎర్ర సిరాతో రాసినా బయటపెట్టినట్టే.

చేతులు వణుకుతున్నాయి, ఏడుపు వస్తోంది. ఇలాంటప్పుడు?

రోగి దగ్గర ఇంకొకరు ఉంటే "రెండు నిమిషాల్లో వస్తాను" అని చెప్పి పక్కకు వెళ్లండి. ముఖం కడుక్కోండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి, అలా అయిదారుసార్లు. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె వేగం దిగుతుంది. అన్నం తిని ఎన్ని గంటలైందో కూడా చూసుకోండి. వణుకులో సగం ఖాళీ కడుపుదే కావచ్చు. వణికే చేతులతో ఇంజెక్షన్ లాగాల్సి వస్తే మోతాదు ఇంకొకరితో చూపించుకోండి.

మరణం చూసిన రోజు నిద్ర పట్టకపోవడం మామూలే. రెండు వారాలు దాటినా అదే దృశ్యం కళ్ల ముందు తిరుగుతున్నా, డ్యూటీ పేరు వింటేనే కడుపులో తిప్పుతున్నా, చనిపోవాలనిపించినా ఒంటరిగా భరించకండి. చనిపోవాలనిపించిన రోజైతే రెండు వారాల లెక్క లేదు, అదే రోజు ఎవరితోనైనా మాట్లాడండి. టెలీ మానస్ 14416, పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కాలేజీకి గానీ ఆసుపత్రికి గానీ తెలియాల్సిన పని లేదు.

డ్యూటీ జేబులో ఏం ఉంచుకోవాలి?

రెండు పెన్నులు, సెకన్ల ముల్లున్న గడియారం, చిన్న నోటు పుస్తకం, మార్కర్, ఒక గ్లూకోజ్ ప్యాకెట్. నోటు పుస్తకం మొదటి పేజీలో డ్యూటీ డాక్టర్, ఆర్‌ఎంఓ, బ్లడ్ బ్యాంక్, అవుట్‌పోస్ట్, ఏఆర్‌టీ సెంటర్ నంబర్లు. ఫోన్‌లో ఉన్నాయి కదా అనకండి, కావాల్సిన రాత్రే దాని చార్జింగ్ అయిపోతుంది.